పొలం పాట

(మహాసభల సాహిత్య వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి ఇదే హాల్లో అవధానం విన్నారు, అన్నమయ్య మీద మంచి ఉపన్యాసం విన్నారు. ఇప్పుడు నేను లేచి ఒక అమెరికన్ రాక్ గాయకుడి గురించి మాట్లాడతానంటే, "ఈయనకు హాలు నంబరు తప్పిందేమో, యువత కార్యక్రమం పక్క హాల్లో కదా" అని కొందరు అనుకోవచ్చు. నిజానికి కార్యక్రమ సంచాలకులు కూడా ఫోన్లో అదే అడిగారు. "సార్, తెలుగు సభల్లో ఇది ఎందుకండీ?" అని. "నాకు ఇరవై నిమిషాలు ఇవ్వండి, చివర్లో మీరే చెప్పండి ఎందుకో" అన్నాను. భోజనాలకు పిలుపు వచ్చే లోపే ముగిస్తానని మాట కూడా ఇచ్చాను. మాట తప్పను.

నేను ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అనే చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఉంటున్నాను. కొలంబస్ అనగానే మనవాళ్ళు ఒహాయో అనుకుంటారు. అది కాదు. మాది డీజిల్ ఇంజన్ల ఊరు. 1985 వేసవిలో చదువు ముగించి, ఇంజనీరు ఉద్యోగానికి అక్కడికి వెళ్ళాను. అప్పటికి నాకు తెలిసిన అమెరికన్ సంగీతం అంటే యూనివర్సిటీ హాస్టల్లో గోడ అవతలి నుంచి వినపడే మోత ఒక్కటే.

మా డిపార్ట్‌మెంట్‌లో నా పక్క బల్ల దగ్గర ఒకాయన పనిచేసేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పొద్దున్న లేస్తే వాతావరణం సంగతి తప్ప ఇంకో మాట మాట్లాడేవాడు కాదు. వాన పడుతుందా, మంచు ఎప్పుడు కరుగుతుంది, ఇదే గొడవ. ఇంజన్లు చేసే మనిషికి వాన సంగతి ఎందుకా అనుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు తెలిసింది, ఆయన రైతు బిడ్డ అని. ఒకరోజు ఒక క్యాసెట్ చేతిలో పెట్టి, "ఇతనిది ఇక్కడికి ఇరవై మైళ్ళు. విను" అన్నాడు. ఆ క్యాసెట్ పేరు 'స్కేర్‌క్రో'. మన భాషలో చెప్పాలంటే చేలో దిష్టిబొమ్మ. పాడినవాడు జాన్ మెలెన్‌క్యాంప్.

ముందుగా ఈయన కథ కొంచెం చెబుతాను.

జాన్ మెలెన్‌క్యాంప్ 1951 అక్టోబరు 7న ఇండియానాలోని సీమోర్‌లో పుట్టాడు. ఈనాటికీ ఆ ఊరి జనాభా ఇరవై వేల పైచిలుకే. వెన్నెముకలో లోపంతో పుడితే పసికందుగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేశారు. పద్దెనిమిదేళ్ళకే పెళ్ళి చేసుకుని, పంతొమ్మిదేళ్ళకు తండ్రయ్యాడు. ముప్పై ఏడేళ్ళకు తాతయ్యాడు. మన పల్లెల్లో వెనకటి రోజుల్లో ఇది వింత కాదు గానీ, రాక్ గాయకుల్లో మాత్రం వింతే.

1970ల మధ్యలో పాటలు పట్టుకుని న్యూయార్క్ వెళ్ళాడు. అక్కడ డేవిడ్ బోవీకి మేనేజరుగా చేసిన టోనీ డిఫ్రీస్ చేతిలో పడ్డాడు. ఆయనకు కుర్రవాడు నచ్చాడు గానీ పేరు నచ్చలేదు. మెలెన్‌క్యాంప్ అన్నది జర్మన్ మూలాలున్న ఇంటిపేరు. నోరు తిరగదు, పోస్టరు మీద అందంగా ఉండదు. కనుక 'జానీ కూగర్' అని పేరు పెట్టాడు. కూగర్ అంటే కొండల్లో తిరిగే పులి లాంటి జంతువు. 1976లో మొదటి రికార్డు 'చెస్ట్‌నట్ స్ట్రీట్ ఇన్సిడెంట్' వచ్చినప్పుడు అట్ట మీద ఆ పేరు చూసి గానీ తన పేరు మారినట్టు తనకే తెలియలేదని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. చెస్ట్‌నట్ స్ట్రీట్ అంటే సీమోర్ ఊళ్ళో పెద్ద వీధి. రికార్డు అమ్ముడుపోలేదు. కంపెనీ వదిలేసింది.

ఇక్కడ మీరు నవ్వుతున్నారంటే నాకు కారణం తెలుసు. మనలో ఎంతమందికి ఈ అనుభవం లేదు? ఇంటిపేరు ముందుండాల్సింది వెనక్కి పోయింది. అసలు పేరు సగానికి తెగింది. వేంకటేశ్వర్లు వెంకీ అయ్యాడు, సత్యనారాయణ సత్ అయ్యాడు, నేను పాతికేళ్ళు 'సుబ్' అయ్యాను. నా బల్ల మీద ఉన్న పేరు పలక చూసి మా నాన్న "ఇదెవర్రా?" అని అడిగాడు. మనం ఊరుకున్నాం. ఈయన ఊరుకోలేదు. ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా తన పేరు వెనక్కి తెచ్చుకున్నాడు. కాస్త పేరు రాగానే 1983లో 'జాన్ కూగర్ మెలెన్‌క్యాంప్' అయ్యాడు. 1991లో కూగర్‌ను పూర్తిగా అడవిలో వదిలేసి ఒట్టి జాన్ మెలెన్‌క్యాంప్ అయ్యాడు. ఇంటిపేరు తిరిగి రావడానికి పదిహేనేళ్ళు పట్టింది.

మధ్యలో పాటల సంగతి. 1978లో ఆయన రాసిన 'ఐ నీడ్ ఎ లవర్' ఆస్ట్రేలియాలో బాగా ఆడింది. ఇక్కడ దాన్ని పాట్ బెనటార్ పాడాక జనం చెవిన పడింది. అసలు గెలుపు 1982లో వచ్చిన 'అమెరికన్ ఫూల్'. ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. అందులోని 'హర్ట్స్ సో గుడ్'కు గ్రామీ బహుమతి వచ్చింది. 'జాక్ అండ్ డయాన్' అయితే నంబర్ వన్ పాట. పల్లెటూరి కుర్రవాడు, పల్లెటూరి పిల్ల. యౌవనం పోయిన తరువాత కూడా బతుకు సాగుతూనే ఉంటుందన్నది ఆ పాటలోని ఎరుక. ఆ పాటలో వినిపించే చప్పట్లు మొదట తాళం తప్పకుండా ఉండేందుకు గుర్తుగా కొట్టినవి. తరువాత తీసేద్దామనుకున్నారు. తీసేస్తే పాట నిలబడలేదు. అందుకని ఉంచేశారు. మన భజనల్లో చప్పట్లు తీసేస్తే ఏమవుతుందో ఊహించుకోండి, అదే సంగతి.

ఈ రకం సంగీతాన్ని ఇక్కడ హార్ట్‌లాండ్ రాక్ అన్నారు. నడిగడ్డ పాటలు అనుకోవచ్చు. న్యూజెర్సీ నుంచి బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, డిట్రాయిట్ వైపు నుంచి బాబ్ సీగర్, ఫ్లోరిడా నుంచి టామ్ పెటీ, ఇండియానా నుంచి మెలెన్‌క్యాంప్. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాడు, పొలం అమ్ముకున్నవాడు, చిన్న ఊళ్ళో ఉండలేక, వదిలి పోలేక నలిగేవాడు, వీళ్ళే ఆ పాటల్లో మనుషులు. సంగీతం సూటిగా ఉంటుంది. రెండు గిటార్లు, గట్టిగా కొట్టే డ్రమ్ము, మాట్లాడుతున్నట్టే పాడే గొంతు. శాస్త్రీయ సంగీతం విన్నవారికి ఇందులో గమకాలు దొరకవు. కానీ మాట స్పష్టంగా వినపడుతుంది. మాట వినపడాలన్నదే వాళ్ళ పట్టుదల.

1983లో వచ్చిన 'పింక్ హౌసెస్' కథ చెప్పి తీరాలి. ఇండియానాపోలిస్ విమానాశ్రయం నుంచి ఇంటికి వస్తుంటే, హైవే పక్కన గులాబీ రంగు వేసిన చిన్న ఇంటి ముందు ఒక నల్లజాతి ముసలాయన కూర్చుని కనపడ్డాడట. ఎదురుగా రోడ్డు హోరు. ఆయన ముఖంలో మాత్రం ఏ అసంతృప్తీ లేదు. ఆ దృశ్యమే పాట అయింది. పల్లవి మాత్రం విన్నవాళ్ళు దాన్ని దేశభక్తి గీతం అనుకుంటారు. చరణాలు విన్నవాళ్ళకు అందులోని వెటకారం, బాధ తెలుస్తాయి. రాజకీయ నాయకులు సాధారణంగా పల్లవి దగ్గరే ఆగిపోతారు. 2008 ఎన్నికల్లో జాన్ మెకెయిన్ సభల్లో ఈయన పాటలు వాడితే, ఆపమని అడిగాడు. ఆపేశారు.

ఇప్పుడు ఆ క్యాసెట్ దగ్గరికి వస్తాను.

'స్కేర్‌క్రో' 1985లో వచ్చింది. దాన్ని న్యూయార్క్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో కాదు, ఇండియానాలోనే బెల్‌మాంట్ అనే పల్లెలో తన స్టూడియోలో చేశాడు. రికార్డింగుకు ముందు బృందం చేత 1960ల నాటి పాత పాటలు వందదాకా సాధన చేయించాడు. ఆల్బమ్‌లో ఒక చోట తన నాయనమ్మ లారా చేత చిన్న జానపద గీతం పాడించి, దాని వెనకే 'స్మాల్ టౌన్' పాట పెట్టాడు. అందులో మొదటి పాట 'రెయిన్ ఆన్ ది స్కేర్‌క్రో'. చిన్ననాటి స్నేహితుడు జార్జ్ గ్రీన్‌తో కలిసి రాసింది. తాత చదును చేసిన పొలం మనవడి చేతుల్లోంచి బ్యాంకుకు పోవడం, దాన్ని వేలం వేయడానికి వచ్చినవాడు కూడా పాత స్నేహితుడే కావడం, ఆ పాటలోని విషయం.

ఇది కల్పన కాదు. కారణం క్లుప్తంగా చెబుతాను. 1970ల్లో ఇక్కడి ప్రభుత్వమే రైతులను గట్టు నుంచి గట్టు దాకా ఒక్క అడుగు వదలకుండా దున్నమంది. ధాన్యం ఎగుమతులు పెరిగాయి, భూమి ధరలు ఆకాశానికి వెళ్ళాయి, ఆ ధరలు చూసి బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి. తరువాత ద్రవ్యోల్బణం అదుపు చేయడానికి వడ్డీలు పెంచారు. 1980 డిసెంబరులో ప్రైమ్ రేటు ఇరవై ఒకటిన్నర శాతం. అదే ఏడాది జనవరిలో సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకం ఆపేశారు. పంట ధర పడింది, దాంతో భూమి ధర పడింది. అయోవా రాష్ట్రంలో 1981లో ఎకరం సగటున 2,150 డాలర్ల దగ్గర ఉంటే, 1986 నాటికి ఎనిమిది వందల లోపుకు వచ్చింది. అప్పు మాత్రం తగ్గదు కదా! తనఖా పెట్టిన భూమి విలువ అప్పు కంటే తక్కువైపోయింది. రైతు ఎంత కష్టపడ్డా లెక్క సరిపోని స్థితి అది.

1986 ఫిబ్రవరిలో నా మిత్రుడు, ఆ పక్క బల్ల ఆయన, ఒక శనివారం నన్ను కారెక్కించుకుని సీమోర్ అవతలికి తీసుకెళ్ళాడు. ఎక్కడికో చెప్పలేదు. వెళ్ళి చూస్తే వాళ్ళ నాన్న పొలం దగ్గర వేలం. మంచు మీద ట్రాక్టర్లు, నాగళ్ళు, విత్తనాలు వేసే యంత్రాలు వరసగా నిలబెట్టారు. ఇంట్లోంచి కుర్చీలు, గిన్నెలు, కుట్టు మిషన్ కూడా బయటికి తెచ్చారు. చర్చి ఆడవాళ్ళు ఒక బల్ల మీద కాఫీ, పై అమ్ముతున్నారు. వేలం వేసేవాడు ఊపిరి తీసుకోకుండా అంకెలు పాడుతున్నాడు. అవును, పాడుతున్నాడు. దానికో రాగం, తాళం ఉన్నాయి. ఇరుగుపొరుగు రైతులు తలకాయ ఆడించి ధర పెంచుతున్నారు, ఆ పెద్దాయన ముఖం మాత్రం చూడటం లేదు. ఆయన వాకిట్లో నిలబడి, వచ్చిన ప్రతివాడికీ "వచ్చినందుకు థాంక్స్" అంటున్నాడు, పెళ్ళివారిని పలకరించినట్టు.

తిరుగు ప్రయాణంలో మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కారులో ఆ క్యాసెట్టే తిరిగింది.

మెలెన్‌క్యాంప్ పాటతో ఊరుకోలేదు. 1985 జులైలో ఆఫ్రికా కరువు కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో బాబ్ డిలన్, ఇందులో కొంత మన రైతుల అప్పులకు కూడా ఇస్తే బాగుండునని అన్నాడు. దాన్ని కొందరు తప్పు పట్టారు. విల్లీ నెల్సన్ మాత్రం పట్టుకున్నాడు. నీల్ యంగ్, మెలెన్‌క్యాంప్ తోడయ్యారు. మూడు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరు 22న ఇల్లినాయ్‌లోని షాంపేన్‌లో మొదటి 'ఫార్మ్ ఎయిడ్' జరిగింది. ఎనభై వేల మంది వచ్చారు. 1987లో నెల్సన్, మెలెన్‌క్యాంప్ వాషింగ్టన్ వెళ్ళి సెనేట్ ఉపసంఘం ముందు రైతుల తరఫున మాట్లాడారు. పొలం జప్తు చేసే ముందు అప్పును సర్దుబాటు చేసే వీలు కల్పించిన వ్యవసాయ రుణ చట్టం ఆ తరువాత వచ్చింది. అది పాటల వల్లే వచ్చిందని నేను అనను. రైతు సంఘాలు ఎన్నో ఏళ్ళు పోరాడాయి. కానీ పాట తలుపు తట్టింది. ఫార్మ్ ఎయిడ్ ఒక్కసారితో ఆగలేదు. 2025 సెప్టెంబరులో మినియాపోలిస్‌లో నలభయ్యో ఏడు పండుగ చేసుకుంది. ఇన్నేళ్ళలో ఎనిమిది కోట్ల డాలర్ల పైన పోగుచేసింది.

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెప్పగలరు. ఇక నేను మాత్రమే చెప్పగలిగింది చెబుతాను. ఇది ఇంతకు ముందు ఏ సభలోనూ చెప్పలేదు.

మాది గుంటూరు జిల్లా నరసరావుపేట దగ్గర పల్లె. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నారు. నాన్నకు ఆరెకరాలు సొంతం, ఇంకో పది కౌలు. మొత్తం పత్తి. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. ఈ సభలో ఉన్న ఆ ప్రాంతం పెద్దలకు ఆ సంవత్సరం గుర్తుండే ఉంటుంది. ఎన్ని మందులు కొట్టినా దోమ చావలేదు. మందులకు చేసిన అప్పు మిగిలింది. ఆ మందే తాగి చనిపోయిన రైతుల వార్తలు ఆ ఏడే మొదట పత్రికలకెక్కాయి.

1988 సంక్రాంతి తరువాత నాన్న దగ్గర్నుంచి ఏరోగ్రామ్ వచ్చింది. అంచుల దాకా, మడత పెట్టే చోటు దాకా రాశాడు. పదిహేడు సార్లు మందు కొట్టామని, ఎనభై వేలు అప్పు తేలిందని, మందుల కొట్టు ఆసామి రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడని, అమ్మ అతనికి మజ్జిగ ఇస్తోందని. డబ్బు పంపమని ఎక్కడా రాయలేదు. "నీకు వీలు తెలిసి ఏమి చేయమంటావో రాయగలవు" అని ముగించాడు.

ఎనభై వేలంటే ఆనాటి లెక్కలో ఆరు వేల డాలర్ల పైమాట. నా దగ్గర ఏడు వేలు ఉన్నాయి. ఇల్లు కొనుక్కోవడానికి డౌన్ పేమెంటుగా దాచినవి. పెళ్ళయి ఆరు నెలలు, వేవిళ్ళతో భార్య. రెండు వారాలు ఆలోచించాను. ఆలోచించానని ఇప్పుడు అంటున్నాను గానీ, నిజానికి ఉత్తరం సొరుగులో పెట్టాను. తరువాత ఒక ఆదివారం జవాబు రాశాను. వ్యవసాయంలో ఇక లాభం లేదు, నాలుగెకరాలు అమ్మి అప్పు తీర్చండి, మీ వయసుకు రెండెకరాలు చాలు. ఒక పేజీ. చాలా తర్కబద్ధంగా రాశాను. ఇంజనీరును కదా.

ఆ శీతాకాలమే ఫార్మ్ ఎయిడ్‌కు పాతిక డాలర్ల చెక్కు పంపాను. రసీదు చాలాకాలం దాచుకున్నాను కూడా. ఇండియానా రైతు కోసం చెక్కు రాసిన చేత్తోనే నాన్నకు ఆ ఉత్తరం రాశాను. ఆ రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన ఉన్నా, వాటికి సంబంధం ఉందని నాకు తట్టలేదు. అప్పుడు తట్టలేదు.

నాన్న నాలుగెకరాలు అమ్మేశాడు. మేము ఇల్లు కొనుక్కున్నాం. ఆ ఇంట్లోనే ఇవాళ్టికీ ఉంటున్నాం.

1996 వేసవిలో నాన్న ఒక్కడే వచ్చాడు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్ళు. జులై నెల, మొక్కజొన్న మనిషి ఎత్తు దాటి ఉంది. కారులో వెళ్తుంటే మైళ్ళ పొడుగునా పచ్చదనం. నాన్న కిటికీ దించి చాలాసేపు చూసి, "చేను బాగుందబ్బాయ్. మనిషే కనపడడేం?" అన్నాడు. ఎన్నెన్ని కుటుంబాలు ఆ పొలాల్లోంచి వెళ్ళిపోయాయో చెప్పాను. మిత్రుడి తండ్రి వేలం సంగతి చెప్పాను. సీమోర్ దగ్గరికి వచ్చాక క్యాసెట్ పెట్టి, ఒక్కో చరణానికీ ఆపి తెలుగులో చెప్పాను.

నాన్న అంతా విన్నాడు. "ఎవరిదీ పాట? రైతా?" అన్నాడు. కాదు, ఈ ఊరివాడే, వాళ్ళ నాన్న కరెంటు పనుల కంపెనీలో ఉద్యోగం చేశాడు అన్నాను. కాసేపాగి నాన్న అన్న మాట ఇది: "మన దగ్గర పొలాన్ని పాటకు పెడతారు. ఇతను పొలాన్ని పాటలో పెట్టాడు. పాటకు పెడితే పోతుంది, పాటలో పెడితే ఉంటుంది."

మా నాన్న అయిదో తరగతి చదివాడు. ఆయనకు శ్లేష అనే అలంకారం పేరు తెలియదు. వేలానికి, గానానికి ఒకటే మాట పెట్టుకున్న భాష మనది. ఆయన దాన్ని వాడుకున్నాడు, అంతే.

అప్పుడు అడిగాను, ఎనిమిదేళ్ళ తరువాత. "నాన్నా, ఆనాడు అమ్మమని రాశాను. తప్పు చేశానా?" అని. నాన్న రోడ్డు వైపే చూస్తూ అన్నాడు: "అమ్మమనడం తప్పేం కాదు. ఎవరైనా అదే చెబుతారు. కాకపోతే ఒక్క పేజీ రాశావు. ఇంకో పేజీ రాసుంటే బాగుండేది."

ఆ రెండో పేజీలో ఏముండాలో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. మెలెన్‌క్యాంప్ పాటల్లో ఉన్నదే ఆ రెండో పేజీ అని ఇప్పుడు అనుకుంటున్నాను. లెక్క మొదటి పేజీలోనే అయిపోతుంది. బ్యాంకువాడి లెక్క తప్పని ఆయన పాట ఎక్కడా అనదు. లెక్క అయిపోయాక మనిషి ఒకడు వాకిట్లో నిలబడి ఉంటాడు కదా, వాడి దగ్గర కాసేపు కూర్చుంటుంది. ఆ పని మన దగ్గర వంగపండు ప్రసాదరావు గారు, గద్దర్ గారు, గోరటి వెంకన్న గారు చేశారు. వాళ్ళు ఉద్యమాల్లోంచి, పల్లె పదాల్లోంచి వచ్చారు. ఈయన బజారులోంచి వచ్చాడు. టిక్కెట్లు అమ్ముకుని, రికార్డులు అమ్ముకుని లక్షాధికారి అయ్యాడు. అయినా చేరిన చోటు ఒకటే.

ఈయనను దేవుణ్ణి చేయడానికి నేను రాలేదు. కోపిష్టి అని పేరు. వాణిజ్య ప్రకటనలకు పాటలివ్వనని ఎన్నో ఏళ్ళు చెప్పి, 2006లో 'అవర్ కంట్రీ' పాటను ఒక ట్రక్కు ప్రకటనకు ఇచ్చాడు. ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న ప్రతివాడికీ విసుగు పుట్టేదాకా అది మోగింది. అభిమానులు తిట్టారు. రేడియోలో తన వయసువాళ్ళ కొత్త పాటలు వేయడం లేదు, ఇంకెలా వినిపించను అన్నాడు. నాకు కోపం రాలేదు. డౌన్ పేమెంటు కోసం నేను చేసింది నాకు గుర్తుంది.

కానీ ఆయన అక్కడ ఆగిపోలేదు. 1987లోనే 'ది లోన్‌సమ్ జూబిలీ'లో ఫిడేలు, అకార్డియన్ తెచ్చి, రాక్ సంగీతాన్ని పల్లె వాకిలికి మళ్ళించాడు. 1994లో గుండెపోటు వచ్చినా పాట మానలేదు. 2003లో ఇరాక్ యుద్ధం వద్దని పాడి సొంత రాష్ట్రంలోనే తిట్లు తిన్నాడు. 2008లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2010లో 'నో బెటర్ దాన్ దిస్' అనే ఆల్బమ్‌ను 1955 నాటి పాత టేపు యంత్రం మీద, ఒకే ఒక్క మైకు పెట్టి రికార్డు చేశాడు. అందుకు ఎంచుకున్న చోట్లు మూడు. మెంఫిస్‌లో సన్ స్టూడియో, సవానాలో నల్లజాతివారి పాత చర్చి, శాన్ ఆంటోనియోలో 1936లో రాబర్ట్ జాన్సన్ పాడిన హోటల్ గది. తన పాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ అక్కడికే వెళ్ళి పాడాడన్నమాట. 2024లో బ్లూమింగ్‌టన్‌లో ఇండియానా యూనివర్సిటీ వాళ్ళు ఆయన విగ్రహం పెట్టారు. ఆయన బతుకులో ఎక్కువ భాగం ఇండియానాలోనే గడిచింది. అంత పేరొచ్చాక కూడా సొంత రాష్ట్రాన్ని వదలకపోవడం, మనలాంటి వలస పక్షులు కొంచెం ఆలోచించాల్సిన విషయం.

నాన్న 2009లో పోయారు. ఆ రెండెకరాలు ఉన్నాయి. మా పెదనాన్న మనవడు కౌలుకు చేస్తున్నాడు. కౌలు డబ్బు నేను తీసుకోవడం లేదు గానీ, ఏటా పంట వేశాక ఒక ఫోన్, కోశాక ఒక ఫోన్ చేయాలని షరతు పెట్టాను. పురుగు పడితే మూడో ఫోన్. ఆ మూడో ఫోన్ వచ్చిన రోజున సొరుగులో పెట్టకూడదన్నది నాకు నేను పెట్టుకున్న షరతు.

మా అమ్మాయి కొలంబస్‌లోనే పుట్టి పెరిగింది. ఇప్పుడు షికాగోలో ఉంటుంది. "నేనూ చిన్న ఊరి పిల్లనే" అని గర్వంగా చెప్పుకుంటుంది, ఆ పాట వింటూ పెరిగింది మరి. పోయినేడు అడిగింది, "నాన్నా, ఆ రెండెకరాలు అమ్మితే ఇప్పుడు మంచి ధర వస్తుందట కదా, ఎందుకు ఉంచావు?" అని. తాతయ్య అన్న మాట చెప్పాను. దాని తెలుగు అంతంత మాత్రం. పాటకు పెట్టడానికీ పాటలో పెట్టడానికీ తేడా వివరించేసరికి అరగంట పట్టింది. అర్థమయ్యాక అది ఇంకేమీ అడగలేదు. ఆ సంక్రాంతికి నాతో ఊరికి వచ్చి గట్టు మీద నిలబడింది.

కార్యక్రమ సంచాలకులు గడియారం చూస్తున్నారు. తెలుగు సభల్లో ఇది ఎందుకు అని వారడిగిన ప్రశ్నకు నా జవాబు అయిపోయింది. మీలో ఎవరికైనా ఊరి నుంచి వచ్చి, జవాబు రాయని ఉత్తరం ఉంటే, ఇప్పుడు ఉత్తరాలు లేవు కాబట్టి తిరిగి చేయని ఫోన్ ఉంటే, భోజనాలు కాగానే చేయండి. అక్కడ ఇప్పుడు పొద్దు పొడిచి ఉంటుంది. మా నాన్నకు నేను రాయని రెండో పేజీ ఇదే. మీరు విన్నారు.